పంపు పెద్దది చేశాక జలపాతం రాళ్ళ మీద నాచు ఎందుకు పెరిగింది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బెంగళూరులో సర్జాపుర రోడ్డు వైపు ఇల్లు, పెరట్లో నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న చేపల కొలను. దాని ఒక చివర రాళ్ళు పేర్చి కట్టిన చిన్న జలపాతం, అడుగు వెడల్పున నీళ్ళు జారేట్టుగా. "నిలవ నీళ్ళకే పాచి పడుతుంది, పారే నీళ్ళకు పట్టదు" అని మీ మామగారు చెబితే గంటకు 3000 లీటర్ల పంపు తీసేసి 6000 లీటర్లది బిగించారు. నెల తిరిగేసరికి కొలనులో పాచి ఉన్నది ఉన్నట్టే ఉంది, జలపాతం రాళ్ళ మీద మాత్రం మందంగా పచ్చ మెత్త కట్టింది. ఇంకా పెద్ద పంపు కావాలా, పాతదే మేలా, కరెంటు బిల్లు దండగ కాకుండా రాత్రిపూట ఆపెయ్యొచ్చా అన్నవి మీ సందేహాలు.

మామగారి మాట తీసిపారెయ్యాల్సింది కాదు. ఆయన చూసిన పాచి వేరు, మీ రాళ్ళ మీది పాచి వేరు. ఊళ్ళో కుంటలో నీళ్ళను పచ్చరంగుకు తిప్పే నాచు నీళ్ళలో తేలుతూ బతుకుతుంది. అది రెండింతలు కావడానికి కొంత సమయం పడుతుంది. ఆలోగానే నీళ్ళు కాలువలో పడి వెళ్ళిపోతే అదీ కొట్టుకుపోతుంది. అందుకే పారే కాలువలో నీళ్ళు పచ్చబడటం తక్కువ. మీ కొలనులో నీళ్ళు ఎక్కడికీ పోవు, పంపు వాటినే తిప్పి తిప్పి పోస్తుంది. కాబట్టి కొట్టుకుపోవడం అన్న లాభం మీకు లేదు. ఇక రాతిని పట్టుకుని పెరిగే నాచుకు నీళ్ళు వెళ్ళిపోతే వచ్చే నష్టమేమీ లేదు. అది ఉన్నచోటే ఉంటుంది, దాని తిండి మాత్రం ఎదురొస్తూ ఉంటుంది.

రాతిని అంటుకుని పెరిగేదానికి ప్రవాహం రెండు పనులు చేస్తుంది. ఒకటి మేపడం, రెండోది పీకడం. ఈ రెండూ ఒకేసారి, ఒకే నీటి వల్ల జరుగుతాయి. ఏది గెలుస్తుందన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: రాతి దగ్గర నిజంగా ఉన్న వేగం, నీళ్ళలో కరిగి ఉన్న పోషకాలు, అక్కడ పెరుగుతున్నది ఏ రకం నాచు అన్నది. మీ విషయంలో మూడూ మేపే వైపే ఉన్నాయి. ఎలాగో చెప్తాను.

మొదట మేత సంగతి. నీళ్ళు ఎంత వేగంగా పారుతున్నా సరే, రాతిని ఆనుకుని ఉన్న సన్నటి పొర మాత్రం దాదాపు కదలదు. ఆ పొరలో నైట్రేట్, ఫాస్ఫేట్, కార్బన్ డయాక్సైడ్ లాంటివి ప్రవాహంతో రావు, మెల్లగా వ్యాపించుకుంటూ రావాలి. ఈ వ్యాపనం ఎంత నిదానమంటే, కార్బన్ డయాక్సైడ్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీళ్ళలో దాదాపు పదివేల రెట్లు తక్కువ. నిలవ నీటిలో ఆ కదలని పొర మందం ఒక మిల్లీమీటరు ఉందనుకుందాం. చిన్న అణువు ఒకటి దాన్ని దాటడానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది. ప్రవాహం పెరిగి ఆ పొర 0.1 మిల్లీమీటరుకు పలచబడితే 5 సెకన్లు చాలు. మందం పదోవంతు అయితే సమయం వందోవంతు అవుతుంది, ఎందుకంటే వ్యాపనానికి పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. నీళ్ళలో ఉన్న ఫాస్ఫేట్ గ్రాము కూడా పెరగలేదు, అయినా నాచుకు అందేది పెరిగింది.

తిండి రావడమే కాదు, వ్యర్థం పోవడం కూడా ఇందులోనే ఉంది. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, కార్బన్ డయాక్సైడ్ లాక్కుంటుంది. కదలని నీటిలో మధ్యాహ్నానికి నాచు చుట్టూ ఆక్సిజన్ పేరుకుని, పీహెచ్ పెరిగి, దాని తయారీ అదే మందగిస్తుంది. ప్రవాహం ఉంటే ఆ ఆక్సిజన్‌ను తీసుకుపోతుంది. మీ జలపాతం దగ్గర ఇంకో అదనపు వసతి కూడా ఉంది. నీళ్ళు పలచగా, ఎగిరి పడుతూ రావడం వల్ల గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అక్కడే మళ్ళీ కరుగుతుంది. పైగా సెంటీమీటరు లోతు నీటిలోంచి ఎండ అడ్డులేకుండా దిగుతుంది. బెంగళూరులో జనవరి నుంచి ఏప్రిల్ దాకా మబ్బు లేని రోజులు ఎన్నుంటాయో మీకు తెలిసిందే. వెలుతురు, తిండి, గాలి మూడూ ఒకేచోట దొరికితే అక్కడ నాచు పట్టకపోతేనే వింత.

ఇప్పుడు పీకే సంగతి. పారే నీరు నాచు మీద చూపే లాగుడు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే లాగుడు దాదాపు నాలుగింతలు. ఈ లెక్క చూసే చాలామంది "అయితే పంపు పెంచితే ఊడిపోవాలి కదా" అనుకుంటారు. కానీ పంపు లీటర్లు వేరు, రాతి దగ్గర వేగం వేరు. మీ అంకెలతోనే చూద్దాం.

గంటకు 3000 లీటర్లంటే సెకనుకు 0.83 లీటరు. కొలను అడ్డుకోత నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఆ మొత్తం లోంచి ఈ నీరు వెళ్ళాలంటే సగటు వేగం సెకనుకు ఒకటిన్నర మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లు! పంపు రెండింతలు చేస్తే మూడు మిల్లీమీటర్లయింది. నాచు పోగుకు అది ప్రవాహమే కాదు. అందుకే కొలనులో ఏ తేడా కనపడలేదు. జలపాతం దగ్గరికి వస్తే, అదే నీరు అడుగు వెడల్పు, సెంటీమీటరు లోతు ఉన్న పొరగా జారుతోంది. వేగం సెకనుకు 28 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పంపు రెండింతలు చేసినప్పుడు ఇది 56 కాదు. నీటి పొర లోతు కూడా పెరుగుతుంది కాబట్టి 35-40 దగ్గర ఆగుతుంది. దానికి తోడు డబ్బా మీద రాసిన 6000 లీటర్లు ఎత్తు ఏమీ లేనప్పటి అంకె. మీటరు ఎత్తుకు తోడాక, పైపు వంపులు దాటాక వచ్చేది అంతకంటే బాగా తక్కువ. అంటే మీరు డబ్బు పెట్టి కొన్నది, జలపాతం మీద వేగం ఓ మోస్తరు నుంచి ఇంకాస్త ఎక్కువ మోస్తరుకు పెరగడం. పీకడానికి అది చాలదు, మేపడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఈ అంకెలు మీరే సరిచూసుకోవచ్చు. ఎండుటాకు ముక్క ఒకటి జలపాతం పైన వేసి, రెండడుగుల దూరం జారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. నాలుగైదుసార్లు చేసి సగటు తియ్యండి. పైపొర వేగం సగటు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణిస్తే సరిపోతుంది. సన్నటి పొరలో ఇది మరీ కచ్చితం కాదు, కానీ 5 సెంటీమీటర్లా, 30 సెంటీమీటర్లా అన్నది తెలిసిపోతుంది. మనకు కావలసింది అంతే.

వేగానికి నాచు ఎలా స్పందిస్తుందన్నది శాస్త్రవేత్తలు చాలాకాలంగా తవ్వుతున్న విషయమే. 1960ల మొదట్లో విట్‌ఫర్డ్, షూమాకర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ప్రవాహంలో ఉన్న నాచు, నిలవ నీటిలో ఉన్నదానికంటే ఎక్కువ భాస్వరం (ఫాస్ఫేట్‌లో ఉండేది ఇదే) పీల్చుకుంటుందని, ఎక్కువ శ్వాసిస్తుందని ప్రయోగాలతో చూపించారు. సెకనుకు 15 సెంటీమీటర్ల దాకా వేగం ఉంటే ఈ లాభం బాగా కనపడుతుందన్నారు. 1981లో హార్నర్, వెల్చ్ అనేవాళ్ళు వాషింగ్టన్ రాష్ట్రంలోని వాగుల్లో చూసింది మీకు ఇంకా పనికొస్తుంది. నీళ్ళలో కరిగిన భాస్వరం లీటరుకు 40-50 మైక్రోగ్రాములకు మించి ఉన్నచోట, వేగం సెకనుకు 50 సెంటీమీటర్ల దాకా పెరిగేకొద్దీ రాళ్ళ మీద పాచి ఎక్కువ పేరుకుంది. భాస్వరం అంతకంటే తక్కువ ఉన్నచోట వేగం పెరిగితే పేరుకునేది తగ్గింది. తిండి పుష్కలంగా ఉంటే ఊడిపోయినదాన్ని నాచు వెంటనే పూడ్చుకుంటుంది. తిండి తక్కువైతే పూడ్చుకోలేదు. ఒకే వేగం, రెండు ఫలితాలు.

ఆ 40-50 మైక్రోగ్రాములు మన బెంగళూరు లెక్కలో ఎక్కడ ఉంటుందో చూడండి. పెద్ద అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలలో తోటలకు, ఫౌంటెన్లకు ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) నీళ్ళు వాడటం మామూలే. ఇళ్ళ మురుగులో భాస్వరం లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు ఉంటుంది. దాన్ని ప్రత్యేకంగా తీసే ఏర్పాటు లేని ఎస్టీపీ నుంచి బయటికొచ్చే నీళ్ళు ఎంత తేటగా, వాసన లేకుండా ఉన్నా అందులో ఇంకా మిల్లీగ్రాముల లెక్కలోనే మిగులుతుంది. అంటే ఆ హద్దుకు ఎన్నో పదుల రెట్లు. మీరు కొలను ఏ నీళ్ళతో నింపుతున్నారో రాయలేదు. పూలమొక్కలకు పెట్టే పైపుతోనే నింపుతున్నారంటే, ఆ పైపు ఎక్కడి నుంచి వస్తోందో ముందు ప్లంబర్‌ను కనుక్కోండి. బోరు నీళ్ళయినా సుఖమేమీ లేదు, ఊళ్ళో చాలాచోట్ల బోర్లలో నైట్రేట్ గట్టిగానే ఉంటుంది. ఎండకు ఆవిరైనదాన్ని వారం వారం నింపుతుంటే నీళ్ళు పోతాయి, లవణాలు మిగులుతాయి. దాని మీద చేపల మేత. చేపలు తినగా మిగిలింది, తిని విసర్జించింది రెండూ చివరికి నాచు భోజనమే.

ఇక మూడో సంగతి, పెరుగుతున్నది ఏది అన్నది. ఇక్కడ మీరు చేత్తో ముట్టుకుని చూడాలి. ఒక రాయి బయటికి తీయండి. నా దగ్గరికి ఇలాంటి జలపాతాల నుంచి వచ్చే రాళ్ళన్నీ ఇంచుమించు ఒకే పటం చూపిస్తాయి. నీళ్ళు ముందుగా తగిలే అంచు మీద పొట్టిగా, వేళ్ళకు ముతకగా తగిలే పచ్చ మెత్త, కోసిన గడ్డిలా ఒకే ఎత్తున ఉంటుంది. పక్కల మీద, వేగం తగ్గేచోట, అదే నాచు వేలెడు పొడుగు పోగులుగా వేలాడుతుంది. రాయి వెనక, నీళ్ళు సుడి తిరిగే నీడలో, గోధుమ రంగు జిగురు పొర. గోటితో గీస్తే వెన్నలా వస్తుంది, అడుగున కాస్త మట్టి కూడా. అరచేతి వెడల్పు రాయి మీద మూడు ఊళ్ళు. మారింది నీళ్ళ వేగం, దానితోపాటు పడే వెలుతురు, అంతే.

గోధుమ జిగురు డయాటమ్‌లు, గాజు పెంకులున్న ఏకకణ నాచు. కొత్త రాయి నీళ్ళలో పెడితే నాచుల్లో సాధారణంగా ముందు వచ్చేవి ఇవే. వీటిలో కోకోనైస్ లాంటివి రాతికి పూర్తిగా ఆనుకుని పడుకుంటాయి. ప్రవాహానికి పట్టు దొరకదు, నత్తకూ సులువుగా దొరకవు. గాంఫోనీమా, సింబెల్లా లాంటివి చిన్న జిగురు కాడ మీద నిలబడి నీళ్ళలోకి ఎదుగుతాయి. ఆకుపచ్చ పోగుల్లో రెండు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు. ముట్టుకుంటే పట్టులా జారిపోయేది చాలావరకు స్పైరోగైరా. దానికి రాతి మీద గట్టి పట్టు ఉండదు, నిలవ నీళ్ళలో మబ్బులా పెరుగుతుంది. మీ కొలను మూలల్లో ఉన్నది అదే అయ్యుండాలి. తడి దూదిలా గరుకుగా, లాగినా ఊడి రానిది క్లాడోఫోరా. దానికి అడుగున వేరులాంటి పట్టు ఉంటుంది, కొమ్మలు వేస్తుంది, పారే నీళ్ళంటే దానికి ఇష్టం. జలపాతం మీద పీకితే రాని పచ్చ మెత్త ఉంటే ముందు దాన్నే అనుమానించండి.

1998లో న్యూజిలాండ్‌లో బిగ్స్, గోరింగ్, నికోరా వాగుల్లో ఇదే చూశారు. వేగం పెరిగేకొద్దీ ఏమవుతుందన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు, నాచు ఆకారాన్ని బట్టి మూడు ఉన్నాయి. పొడుగు పోగుల ఆకుపచ్చ నాచు వేగం పెరిగేకొద్దీ తగ్గుతూ పోయింది. కాడలున్న డయాటమ్‌లు, పొట్టి పోగుల గుంపు సెకనుకు 20 సెంటీమీటర్ల దరిదాపుల్లో బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గింది. జిగురులో కూరుకుని రాతికి అంటుకున్న డయాటమ్ పొర మాత్రం వేగంతోపాటు పెరుగుతూనే పోయింది. బైక్ మీద వెళ్ళేటప్పుడు మెడకు విడిగా వేసుకున్న చున్నీని గాలి లాగినంతగా, బిగించి కట్టుకున్నదాన్ని లాగలేదు కదా, ఇదీ అంతే. అందువల్ల పంపు పెంచితే నాచు పోదు, మారుతుంది. పొడుగుది పోయి పొట్టిది, పట్టు లేనిది పోయి పట్టున్నది వస్తుంది.

మీకు ఇంకో అనుభవం కూడా అయ్యుండాలి. మెత్త బాగా మందం కట్టాక ఒకరోజు పెచ్చులు పెచ్చులుగా దానంతట అదే ఊడి, మూడు నాలుగు వారాల్లో మళ్ళీ కడుతుంది. ఇది పంపు ఘనత కాదు. మెత్త మందమయ్యాక బయట నీళ్ళు ఎంత వేగంగా పోతున్నా లోపల కదలిక ఉండదు. పై వరసలు తింటాయి, అడుగు వరసలకు వెలుతురు లేదు, తిండి లేదు. అడుగున కుళ్ళు మొదలై పట్టు వదులుతుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు మెత్తలో చిక్కుకున్న ఆక్సిజన్ బుడగలు పైకి లేపుతాయి. ఆ సమయంలో దగ్గర కూర్చుని చూస్తే మెత్త అంచులు వెండి చుక్కలతో లేచి అల్లాడటం కనిపిస్తుంది. అప్పుడు మామూలు ప్రవాహమే దాన్ని చాప చుట్టినట్టు చుట్టి కింద పడేస్తుంది. ఊడిన ముక్కలు పంపులోకి వెళ్ళి, చిన్న చిన్న తునకలై, మళ్ళీ జలపాతం పైకి వచ్చి కొత్తచోట విత్తనం పడ్డట్టు పడతాయి. పంపు ముందు జాలీ పెట్టకపోతే మీరే నాటుతున్నట్టు లెక్క.

నదుల్లో నాచును నిజంగా అదుపులో పెట్టేది వరద. మామూలు ప్రవాహం కాదు, ఒక్కసారిగా వచ్చే పెద్ద నీరు. దానిలో ఇసుక ఉంటుంది, గీకుతుంది. గులకరాళ్ళు దొర్లుతాయి. నెమ్మది నీటిలో పెరిగిన నాచుకు గట్టి పట్టు అలవాటు లేక ముందు అదే పోతుంది. ఎప్పుడూ వేగంలోనే పెరిగింది ఎక్కువ తట్టుకుంటుంది. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు నది ఒడ్డు మెట్ల మీద పాకుడు పట్టి కాలు నిలవకపోవడం, వరద వచ్చి వెళ్ళాక అదే మెట్టు గరుకుగా ఉండటం మీరు ఎక్కడో చూసే ఉంటారు, కావేరి కావచ్చు, మన తుంగభద్ర కావచ్చు. ఆనకట్టల కింద వరద లేకుండా ఏడాదంతా ఒకే తీరున నీళ్ళు వదిలేచోట్ల రాళ్ళ మీద క్లాడోఫోరా లాంటివి దట్టంగా పెరగడం చాలా దేశాల్లో గమనించిన సంగతి. నాచుకు కావలసింది ఎక్కువ నీరూ కాదు, తక్కువ నీరూ కాదు, మార్పు లేని మోస్తరు నీరు. పంపు ఇచ్చేది సరిగ్గా అదే.

ఇక్కడ చిన్న మాట. మన ఊళ్ళో రాజకాలువల్లో (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువలు) పారే మురుగు నీటిలో రాళ్ళకు, ప్లాస్టిక్ సంచులకు బూడిద రంగు ఈకల్లాంటివి ఊగుతూ కనిపిస్తాయి. అది నాచు కాదు, ఎక్కువగా బ్యాక్టీరియా పోగులు. వాటికి వెలుతురు అక్కర్లేదు, సేంద్రియ చెత్త, పారే నీళ్ళు ఉంటే చాలు. మీ జలపాతం మీద ఎప్పుడైనా అలాంటిది కనిపిస్తే నాచు మందుల జోలికి వెళ్ళకండి. శుద్ధి సరిగా కాని నీళ్ళు ఎక్కడి నుంచో కలుస్తున్నాయని అర్థం.

ఇక మీరు చెయ్యాల్సింది. నా సలహా కొంచెం తలకిందులుగా ఉంటుంది: జలపాతం మీద నాచును చంపకండి, పండించి కోసుకోండి. ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త నాచుతోనే నీళ్ళు శుభ్రం చేసే పద్ధతిని తయారుచేశారు. ఏటవాలు బల్ల మీద జాలీ పరిచి, దాని మీద పలచగా, అలలు అలలుగా నీళ్ళు పోస్తారు. దాని మీద పెరిగిన నాచును ఎక్కువ రోజులు ఉంచకుండా ఎప్పటికప్పుడు గీకి తీసేస్తారు. ఆ నాచుతోపాటు నీళ్ళలోని భాస్వరం, నత్రజని బయటికి వెళ్ళిపోతాయి. మీ జలపాతం ఇప్పటికే ఆ పని సగం చేస్తోంది. గీకి తియ్యడం ఒక్కటే మిగిలింది.

నీళ్ళు జారే రాతి మీద ముతక ప్లాస్టిక్ జాలీ ముక్క ఒకటి, ఎగిరిపోకుండా రెండు రాళ్ళు పెట్టి పరవండి. దోమతెర కంటే కాస్త పెద్ద కన్నాలున్నది, నర్సరీల్లో కుండీల అడుగున వేసేది సరిపోతుంది. మెత్త కుళ్ళి ఊడకముందే, పది రోజులకోసారి తీసి, బకెట్లో దులిపి, పాత క్రెడిట్ కార్డు లాంటిదానితో గీకి, ఆ పచ్చ ముద్దను మొక్కల మొదట్లో వెయ్యండి. బకెట్ నీళ్ళు కొలనులో పొయ్యకండి, అదీ మొక్కలకే. జాలీని మరీ తెల్లగా తోమకండి, అడుగున కాస్త మిగిలితేనే మళ్ళీ త్వరగా పడుతుంది. జలపాతంలో జాలీ మీద మేపి, కొలనులో పస్తు పెట్టడం అన్నమాట. ఫలితం వారంలో రాదు, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. కొలను గోడల మీద పొర పలచబడటం దానికి గుర్తు.

జలపాతం అందంగా నాచు లేకుండానే కనపడాలి అంటారా, అప్పుడు వెలుతురు తగ్గించడమే దారి. పైన నీడ పడేట్టు ఫెర్నో, వాలిన కొమ్మ ఉన్న మొక్కో పెట్టండి. మధ్యాహ్నపు ఎండ తగలకపోతే మేత ఎంతున్నా నాచు అంత గబగబా పెరగదు. ఇది పంపు మార్చడం కంటే చవక.

నీళ్ళు నింపేది కూడా మార్చండి. వానాకాలంలో ఇంటి కప్పు మీది నీళ్ళు పట్టే ఏర్పాటు మీకు ఎలాగూ ఉండి ఉంటుంది. మొదటి జల్లు వదిలేసి, తర్వాతి వాన నీళ్ళు కొలనుకు మళ్ళించండి, అందులో భాస్వరం దాదాపు ఉండదు. అక్వేరియం షాపుల్లో ఫాస్ఫేట్ టెస్ట్ కిట్ దొరుకుతుంది. కొలను నీళ్ళు ఒకసారి, నింపే పైపు నీళ్ళు ఒకసారి చూడండి. రెండో అంకె పెద్దదైతే తప్పు కొలనులో లేదు, పైపులో ఉంది. చేపల మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యండి. పిల్లలు వేస్తుంటే డబ్బా దాచిపెట్టండి, వేరే మార్గం లేదు.

పంపు విషయానికి వస్తే, ఇంకా పెద్దది కొనకండి. పాత 3000 లీటర్లది పారెయ్యకపోయి ఉంటే రోజూ అదే నడపండి. కొత్తదాన్ని శుభ్రం చేసే రోజు వాడండి. బ్రష్‌తో రాళ్ళు రుద్ది, కింద వల పెట్టి, రెండు పంపులూ కలిపి పావుగంట నడిపితే అది మీ ఇంటి వరద. ఊడినదంతా వలలో పట్టి బయట వెయ్యండి. ఏడాదంతా పెద్ద పంపు నడపడం కంటే రెండు వారాలకోసారి ఇలా ఒక ఊపు ఇవ్వడం నాచుకు ఎక్కువ ఇబ్బంది, మీ బిల్లుకు తక్కువ ఇబ్బంది.

నత్తలను కూడా లెక్కలో పెట్టుకోండి. కొలనులో వేగం లేదు కాబట్టి అక్కడ అవి హాయిగా తిరిగి గోడల మీది పొర తింటాయి. జలపాతం మీద వేగానికి నిలబడటం వాటికి కష్టం. అక్కడ నాచు మందంగా ఉండటానికి, తినేవి అక్కడికి సులువుగా చేరలేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. మాలి బ్లీచింగ్ పౌడర్ చల్లుదామన్నాడని రాశారు. చేపలున్న నీళ్ళలో వద్దు, క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది. మైలుతుత్తం ఇంకా వద్దు. నాచుతోపాటు నత్తలూ పోతాయి, మోతాదు కాస్త ఎక్కువైతే చేపలూ పోతాయి. పైగా ఒకేసారి చచ్చిన నాచు కుళ్ళుతూ ఆక్సిజన్ లాగేస్తుంది, దానిలోని భాస్వరం మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. నెల తర్వాత మళ్ళీ మొదటికే.

రాత్రి పంపు ఆపడం గురించి: ఆపొద్దు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అది కూడా చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. నాచు ఇంత ఉన్న కొలనులో ఆ వేళ జలపాతం ఆగి ఉంటే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. కరెంటు మిగల్చాలనుకుంటే పగలు, మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు ఆపండి. అయితే జాలీ మీది నాచు ఎండిపోకుండా అప్పుడప్పుడు తడుపుతుండాలి. చిన్న పంపుకు మారితే ఆ మిగులు కూడా మీకు పెద్దగా అవసరపడదు.

టెస్ట్ కిట్ అంకెలు రెండూ, రాయి తీసి ముట్టుకుంటే జారిందా గరుకుగా ఉందా అన్నదీ రాయండి. క్లాడోఫోరా అయితే బ్రష్ ఎలాంటిది వాడాలో, జాలీ ఎంత తరచుగా తియ్యాలో అప్పుడు చెప్తాను.